గ్రంథాలయములందు నామ నిర్ణయము

అమరసింహుడు తన నిఘంటువును మూడు కాండములుగా రచించెను. మొదటి రెండు కాండములందు ఒక్కొక్క వస్తువునకు లోకమునందు గల పేర్లన్నియు ఒకచోట కూర్పబడినవి. మూడవ కాండమునందలి నానార్థవర్గములో ఒక్క శబ్దమే పెక్కు వస్తువులను చెప్పుట విడదీసి చూపబడినది. అమరము వల్లించినవారిలో పెక్కుమంది దానిని కవిత్వమునకు సాధనముగా మాత్రమే తలంతురు. కాని పుస్తకములను, కాగితములను భద్రపరచువాడు నిత్యము ఎదుర్కొను రెండు చిక్కులును ఆ విభాగములోనే యున్నవి. ఒకే మనుష్యునకు, ఒకే ఊరికి, ఒకే జాతికి పెక్కు పేర్లుండుట మొదటి చిక్కు. ఒకే పేరు పెక్కింటికి ఉండుట రెండవ చిక్కు. ఈ రెండింటిని తీర్చుటకు గ్రంథాలయములు చేయు ఏర్పాటునకే మేమిచ్చట నామ నిర్ణయమని పేరు పెట్టుచున్నాము.

ఇది గ్రంథపాలకులకు మాత్రమే సంబంధించిన పని యనియు, గృహస్థులకు దీనితో ప్రసక్తి లేదనియు చదువరులలో కొందరు అనుకొనవచ్చును. మేము నివసించు పార్వతీపురము వంటి ఊరిలో, చుట్టును మన్యపు కొండలున్నచోట, అట్లనుకొనుటకు వీలులేదు. ఇచ్చటి గిరిజనుల భాషను గూర్చియు, భూమిని గూర్చియు వ్రాయబడిన కాగితములు లేకపోలేదు. అవి ఏ పేరు క్రింద నున్నవో తెలియకపోవుటయే వారికి గల కష్టము. ఆ సంగతిని వివరించుటకు ముందు ఈ నామ నిర్ణయము ఎట్లు పుట్టినదో, ఎట్లు నడచుచున్నదో కొంచెము చెప్పవలసియున్నది.

పుస్తకములు బీరువాలలో నుండును; వానిని చూపునది సూచిక. పూర్వము ఈ సూచిక పుస్తక రూపమున నుండెడిది. తరువాత సొరుగులలో వరుసగా అమర్చిన కార్డులుగా మారెను. నేడు కంప్యూటరులో నున్నది. రూపము మారినను నియమము మారలేదు. ఒక గ్రంథకర్తకు రెండు మూడు పేర్లున్నప్పుడు వానిలో నొకదానిని శీర్షికగా ఎన్నుకొని, ఆతని గ్రంథములన్నిటిని దాని క్రింద చేర్తురు. మిగిలిన పేర్లను పారవేయరు. వాని వాని స్థానములందు 'ఈ పేరు చూడుడు' అను చిన్న కార్డు నొక్కొక్కదానిని ఉంచుదురు. ఈ నిర్ణయములన్నియు వ్రాసియుంచు పట్టిక వేరొకటి యుండును. ఎన్నుకొన్న పేరు, తక్కిన పేర్లు, జనన మరణ సంవత్సరములు, ఊరు, వృత్తి, ఈ నిర్ణయమునకు ఆధారమైన గ్రంథము అందు వ్రాయబడును. దానిని ప్రామాణిక నామ పట్టిక యనవచ్చును. పాఠకుడు దానిని చూడడు. కాని సూచికలో ఆతని వ్రేలు పట్టుకొని నడిపించునది అదియే.

తెలుగువారి విషయమున ఈ పట్టిక యెంత యవసరమో కొన్ని యుదాహరణములవలన తెలియును. శ్రీరంగము శ్రీనివాసరావు అను పేరుతో వెదకువానికి శ్రీశ్రీ గ్రంథములు దొరకవలెను. భాగవతుల సదాశివశంకర శాస్త్రి పేరుతో వెదకువానికి ఆరుద్ర గ్రంథములు దొరకవలెను. గురజాడ అప్పారావుగారి ఇంటిపేరును ఇంగ్లీషున కొందరు జె అక్షరముతోను, కొందరు జెడ్ అక్షరముతోను వ్రాయుదురు. ఈ ఒక్క అక్షరముచేత ఒకే మనుష్యుడు సూచికలో రెండు చోట్ల పడును. ఆయన కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో చాలవరకు తిరిగి వ్రాయబడినది. పేరొక్కటియే యైనను ఆ రెండు ముద్రణములను ఒకే గ్రంథముగా చదువరాదు. కావున మనుష్యులకే గాక గ్రంథములకును నామ నిర్ణయము కావలసి వచ్చుచున్నది.

ప్రాచీన కవుల విషయము ఇంకను కఠినమైనది. ఉద్భటారాధ్య చరిత్రము తెనాలి రామలింగకవి పేరను, పాండురంగ మాహాత్మ్యము తెనాలి రామకృష్ణకవి పేరను ఉన్నవి. ఇరువురును ఒక్కరే యని పలువురు తలచిరి, కాదనువారును గలరు. భాస్కర రామాయణమును హుళక్కి భాస్కరుడు, మల్లికార్జునభట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు అను నలుగురు కలిసి పూరించిరి. పుస్తకముపై నున్న పేరొక్కటియే చూచినచో మిగిలిన మువ్వురును మరుగుపడుదురు. ఇట్టి చోట్ల గ్రంథపాలకుడు తీర్పరి యగుటకు యత్నింపరాదు. వివాదమున్నదని వ్రాసి, రెండు పేర్లకును నడుమ దారి యుంచుటయే ఆతని ధర్మము.

మన పూర్వకవులకు ఈ ప్రయోజనము తెలియనిది కాదు. ఆశ్వాసాంతమునందు వారు వ్రాసికొన్న గద్యలో తమ తండ్రి పేరు, తమ బిరుదము, తమ పేరు, కావ్యము పేరు, ఆశ్వాసపు సంఖ్య చేర్చుచుండిరి. ముఖపత్రము లేని తాటాకు గ్రంథమునకు ఆ గద్యయే నామ నిర్ణయ పత్రము. ఆకులు కొన్ని జారిపోయినను మిగిలిన ఆశ్వాసములలో నేదియో యొకటి కవిని పట్టి యిచ్చును. దానికి తోడు ప్రతి చివర వ్రాతకాడు తన పేరును, వ్రాసిన తిథిని చేర్చుట కలదు. అజాగ్రత్తతో చూచువానికి ఆ వ్రాతకాడే కవిగా తోచును. ఇట్టి పొరపాటు సూచికలో ఒక్కసారి యెక్కినచో తరువాతి సూచికాకారులు దానినే చూచి వ్రాసికొందురు.

పాశ్చాత్య దేశములందును ఈ పని చాల పురాతనమైనది. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దియందు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు సంబంధించి కల్లిమాకసు అను గ్రీకు కవి గ్రంథకర్తల పట్టికను రచించెను. అది నూటయిరువది చుట్టలుగా నుండెనని ప్రతీతి. ఒక్కొక్క గ్రంథకర్తకు ఆతని తండ్రి పేరు, జన్మస్థలము, గ్రంథము మొదటి మాటలు, పంక్తుల సంఖ్య అందు చేర్చబడెను. మన గద్యకును ఆ పట్టికకును సంబంధము లేదు. అయినను ఒకే పేరు గల ఇరువురిని వేరుపరచుటకు తండ్రి పేరు అడుగవలెనని ఇరువురకును తోచినది.

నవీన కాలమున ఈ శాస్త్రమునకు కట్టుబాట్లు ఏర్పరచినవాడు ఆంటోనియో పనిజ్జి. ఈయన ఇటలీ దేశము నుండి రాజకీయ కారణములచేత పారిపోయి లండను చేరి, బ్రిటిష్ మ్యూజియము గ్రంథాలయమున ఉద్యోగియై, 1841లో తొంబదియొక్క సూత్రములను ప్రకటించెను. పుస్తకముల పేర్లు వ్రాసికొనుటకు ఇన్ని సూత్రములేల యని నాటి విద్వాంసులు కొందరు పరిహసించిరి. రాజాజ్ఞచేత నియమింపబడిన విచారణ సంఘము ఎదుట ఆయన తన పద్ధతిని సమర్థించుకొనవలసి వచ్చెను. అమెరికాలో చార్లెస్ కట్టర్ 1876లో వ్రాసిన నియమములు ఈ పనికి ప్రయోజనమును స్పష్టముగా నిర్దేశించినవి. పాఠకునకు తెలిసిన పుస్తకమును చూపుట సూచికకు మొదటి పని. ఒక గ్రంథకర్త వ్రాసినవి, ఒక విషయమునకు సంబంధించినవి ఆ గ్రంథాలయమున ఎన్ని గలవో కలిపి చూపుట రెండవ పని. ఈ రెండవ పని నామ నిర్ణయము లేనిదే జరుగదు.

మన దేశమున ఈ శాస్త్రమునకు ఆచార్యుడు ఎస్. ఆర్. రంగనాథన్. ఆయన మదరాసులో గణితోపాధ్యాయుడుగా నుండి 1924లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యయ్యెను. 1931లో ఆయన ప్రకటించిన ఐదు సూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును వృథా చేయరాదనునది. 1934లో వెలువడిన సూచికా నియమావళిలో భారతీయుల పేర్లను గూర్చి ఆయన ప్రత్యేకముగా ఆలోచించెను. ఇంగ్లీషువారికి ఇంటిపేరు చివర నుండును. తెలుగువారికి మొదట నుండును. తమిళులలో పెక్కురకు తండ్రి పేరే యక్షరముగా నుండును. ఒక దేశపు నియమమును మరియొక దేశపు పేర్లపై మోపినచో, తెలుగు గ్రంథకర్తలందరును రావులు, శాస్త్రులు, మూర్తులుగా మారి ఒకే సొరుగులో కలగాపులగమగుదురు.

సంస్కృత గ్రంథముల విషయమున ఇంతకంటె గొప్ప ప్రయత్నము జరిగినది. జర్మను పండితుడు ఆఫ్రెక్టు 1891, 1896, 1903 సంవత్సరములలో మూడు భాగములుగా ప్రకటించిన పట్టిక, తనకు లభించిన సూచికలన్నిటిని కలిపి, సంస్కృత గ్రంథములను గ్రంథకర్తలను అకారాదిగా కూర్చినది. దానిని పెంచి నూతనముగా రచించుటకు 1935లో మదరాసు విశ్వవిద్యాలయము పూనుకొనెను. వి. రాఘవన్ సంపాదకత్వమున మొదటి సంపుటము 1949లో వెలువడెను. ఒకే పేరు గల పలువురు పండితులను తండ్రి, గురువు, ఊరు, కాలము అను ఆధారములతో వేరుచేసి చూపుట ఆ గ్రంథములో ప్రతి పుటయందును కనబడును. పండితులు తరతరములుగా చేయదగిన పని యిది.

తెలుగు వ్రాతప్రతులకు ఇంతటి భాగ్యము ఆలస్యముగా పట్టినది. కాలిన్ మెకంజీ దొర సేకరించిన కైఫీయతులు, శాసనములు, తాటాకు గ్రంథములు ఆయన 1821లో మరణించిన తరువాత విల్సన్ పండితుని చేతికి వచ్చి, 1828లో కలకత్తాయందు వానికి వివరణాత్మకమైన సూచిక వెలువడెను. తరువాత విలియం టైలరు 1857 మొదలు 1862 వరకు మదరాసున మరియొక సూచికను మూడు సంపుటములుగా ప్రకటించెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన ధనము వెచ్చించి పండితులచేత సంపాదింపజేసిన తెలుగు ప్రతులును వీనితో చేరి, 1869లో ఏర్పడిన మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు మూలధనమయ్యెను.

ఆ సేకరణలో మెకంజీకి కుడిభుజములుగా నిలిచినవారు కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లోనే కాలధర్మము నొందెను. తరువాత లక్ష్మయ్య ఆ పని నడపెను. రామస్వామి 1829లో కలకత్తాయందు దక్కను కవుల జీవితములను ఇంగ్లీషున అచ్చువేయించెను. ముగ్గురి పేర్లకు ముందును 'కావలి వెంకట' అని యుండుటచేత పొడి అక్షరములు ముగ్గురకును ఒక్కటియే. ఆ పేర్లను నాటి ఇంగ్లీషువారు తమకు వినబడినట్లు వ్రాసిరి. 'లక్ష్మయ్య'ను 'లెచ్మయ్య' యనియు, 'బొర్రయ్య'ను 'బోరియ' యనియు చదువదగినట్లు వ్రాసిన కాగితములు గలవు. ఇట్టి స్థితిలో తెలుగు చరిత్ర పరిశోధనమునకు పునాది వేసిన ఈ సోదరులు ఎవ్వరెవ్వరో తెలియుటకే ప్రత్యేక పరిశ్రమ కావలసి వచ్చుచున్నది. దొర పేరు మాత్రము ఏ సూచికలోను చెదరలేదు. సూచికను చేసినవారి భాషలోని పేర్లకు చెదరుట లేదనియు, ఇతరుల పేర్లకే ఆ యాపద కలుగుననియు దీనివలన గ్రహింపదగును.

ఇక మా కొండల వైపు చూతము. పార్వతీపురమునకు ఉత్తరముగా, తూర్పుగా వ్యాపించిన కొండలలో గుమ్మలక్ష్మీపురము, కురుపాము, సీతంపేట ప్రాంతములందు సవరలు, జాతాపులు, కోదులు మొదలగువారు నివసించుచున్నారు. వీరిలో సవరలను గూర్చిన గ్రంథములను ఒక విద్యార్థి వెదకబోయెననుకొందము. తెలుగువారు వ్రాయునది సవర యని. సంస్కృత పక్షపాతులు శబర యందురు. వెరియర్ ఎల్విన్ 1955లో ఒరిస్సా సవరల మతమును గూర్చి ప్రకటించిన గొప్ప గ్రంథములో 'సావోరా' యని యున్నది. పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ప్రకటించిన గ్రంథములో 'సోరా' యని యున్నది. సవర యని వెదకువానికి ఎల్విన్ దొరకడు. సావోరా యని వెదకువానికి విటెబ్‌స్కీ దొరకడు. శబర యని వెదకినచో రామాయణమునందలి శబరియు, జైమిని సూత్రములకు భాష్యము వ్రాసిన శబరస్వామియు ఎదురగుదురు. అమరసింహుడు చెప్పిన పర్యాయములు, నానార్థములు అను రెండు చిక్కులును ఈ ఒక్క జాతి పేరునందే కూడియున్నవి.

ఈ చిక్కును మొదట గుర్తించి తీర్చినవాడు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన 1863లో శ్రీముఖలింగము సమీపమునందలి పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరలను ఇంట నుంచుకొని వారి భాష నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించి, తెలుగు లిపిలో వాచకములు కూర్చెను. 1931లో మదరాసు ప్రభుత్వము ప్రకటించిన ఆయన వ్యాకరణ గ్రంథమునకు 'సోరా లేక సవర భాష' యను మాటలతో కూడిన పేరు గలదు. ఆ శీర్షికను కొంచెము నిదానించి చూడవలెను. ఆ జనులు తమ్మును తాము పిలుచుకొను పేరు ముందున్నది. దీర్ఘములు స్పష్టపడుటకు ఆయన ప్రత్యేక చిహ్నములను గూడ పెట్టెను. ఇరుగుపొరుగువారు పిలుచు పేరు దాని వెనుక నున్నది. ప్రామాణిక నామ పట్టిక చేయవలసిన పనిని ఆయన ముఖపత్రముననే చేసి చూపెను. 1938లో సోరా-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించి, 1940లో ఆయన దివంగతుడయ్యెను.

తన పుస్తకముచేత ఒక జాతి పేరును నిలిపిన ఆ మహానుభావుని సొంత పేరు మాత్రము సూచికలలో చీలిపోవుటకు వీలుగా నున్నది. ఇంగ్లీషు గ్రంథములపై ఆయన జి. వి. రామమూర్తి; తెలుగు గ్రంథములపై గిడుగు వెంకట రామమూర్తి; బిరుదముతో రావు సాహేబు రామమూర్తి పంతులు. బాలకవి శరణ్యము, గద్య చింతామణి వ్రాసిన తెలుగు రామమూర్తియు, సవర నిఘంటువు కూర్చిన రామమూర్తియు ఒక్కరే యని సూచిక చెప్పకున్నచో, ఆయన జీవితమును నడిపిన ముఖ్యభావమే పాఠకునకు కనబడదు. జనులు మాటలాడు భాషయే చదువునకు తగినదని ఆయన కొండమీదను, మైదానమునను ఒకే విధముగా వాదించెను. ఈ రెండు పనులు రెండు సొరుగులలో నున్నచో ఆ వాదము రెండు తునకలగును. ఇంతేగాక ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతియు సవర భాషయందు పరిశ్రమ చేసినవాడే. తండ్రికిని కుమారునకును పొడి అక్షరములు ఒక్కటియే యగుటచేత జాగ్రత్త మరింత కావలసియున్నది.

సవర పుస్తకములకు లిపుల చిక్కు గూడ గలదు. 1936లో మంగెయి గొమాంగో సోరా సోంపెంగ్ అను ప్రత్యేక లిపిని కల్పించెను. 2012లో అది కంప్యూటరులలో వాడు యూనికోడ్ లిపుల సముదాయమున చేర్చబడెను. తెలుగు, ఒడియా, రోమను, సోంపెంగ్ అను నాలుగు లిపులలో అచ్చుపడు భాషకు, లిపి యొక్కటే చూచి సూచిక వ్రాసినచో పుస్తకములు నాలుగు దిక్కులకు పోవును. కోదుల భాషయైన కువి విషయమున ఇట్లే జరుగుచున్నది. మాకు సమీపమునందలి సాలూరు మిషనరీ షుల్జ్ 1911లో కువి వ్యాకరణమును ప్రకటించెను, ఎం. ఇజ్రాయెల్ 1979లో మరియొక వ్యాకరణమును ప్రకటించెను. మాటలాడువారిని కోదులనియు, కోందులనియు, ఖోండులనియు వేరువేరు గ్రంథములు చెప్పును. భాష పేరు తెలిసినవానికి జాతి పేరు తెలియదు. జాతి పేరు తెలిసినవానికి భాష పేరు తెలియదు. రెండింటికిని నడుమ 'ఇదియు చూడుడు' అను ఒక్క కార్డు చాలును.

జాతుల పేర్లవలెనే ఊళ్ల పేర్లును, జిల్లాల పేర్లును పాఠకుని తప్పుదారి పట్టించును. మా పార్వతీపురము ఉన్నచోటనే యుండి నాలుగు జిల్లాలలో నుండెను. 1950 వరకు విశాఖపట్టణము జిల్లాలోను, ఆ సంవత్సరము శ్రీకాకుళము జిల్లా యేర్పడగా అందును, 1979లో విజయనగరము జిల్లా యేర్పడగా అందును చేరి, 2022 ఏప్రిలు నుండి పార్వతీపురము మన్యము జిల్లాకు ముఖ్యస్థానమైనది. రాష్ట్రము పేరును అట్లే మదరాసు, 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్ అని మారెను. బంగ్లాదేశమున పార్బతీపూర్ అను రైలు కూడలి యొకటి గలదు. రోమను లిపిలో ఒకటి రెండక్షరములు తారుమారైనచో ఈ రెండు ఊళ్లును ఒకటిగా కలిసిపోవును. విజయనగర సంస్థానమునకును హంపి విజయనగరమునకును గల సామ్యము ఎల్లరెరిగినదే. మాక్సుమూలరు ఋగ్వేదము రెండవ ముద్రణము మన విజయనగరపు ఆనంద గజపతిరాజు పోషణముచేత వెలువడినది. ముఖపత్రమున 'విజయనగర' మహారాజని యుండుటచేత, ఎరుగని దూరదేశపు పాఠకుడు ఆ కీర్తిని తుంగభద్రా తీరమునకు అంటగట్టినను ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇది కీర్తికి మాత్రమే సంబంధించిన విషయమైనచో మేమింత వ్రాయము. 2006లో భారత ప్రభుత్వము అటవీ హక్కుల చట్టమును చేసెను. అడవిలో పోడు చేసికొను గిరిజనులకు ఆ భూమిపై హక్కు కలదని నిరూపించుటకు అంగీకరింపదగిన ఆధారములలో గెజెటీరులు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంటు నివేదికలు, పటములు చేర్చబడినవి. మా కొండలను గూర్చిన పాత ఆధారములు కార్మైకేల్ దొర 1869లో వ్రాసిన విశాఖపట్టణము జిల్లా మాన్యువలునందును, ఫ్రాన్సిస్ దొర 1907లో వ్రాసిన విశాఖపట్టణము గెజెటీరునందును ఉన్నవి. పార్వతీపురము మన్యము అను పేరుతో వెదకు యువకునకు వానిలో నొక్కటియు కనబడదు. ఆ పేరు 2022లో పుట్టినది. సూచికలో ఈ జిల్లా పేరునుండి పూర్వపు జిల్లాల పేర్లకు, సంవత్సరములతో సహా, దారి చూపినచో ఆతడు తన తాతలనాటి సాక్ష్యమును ఒక్క పూటలో పట్టుకొనును. లేనిచో, ఆధారము లేదని ఒప్పుకొని ఇంటికి పోవును. ఉన్న సాక్ష్యము లేనిదగుట కంటె అన్యాయమేమున్నది?

పేర్ల విషయమున చట్టమునకును గ్రంథాలయమునకును గల భేదమును గూడ ఇచ్చట గమనింపవలెను. రాష్ట్రపతి ఉత్తరువుచేత ఏర్పడు షెడ్యూల్డు తెగల జాబితాయు ఒక నామ పట్టికయే. ఆంధ్రప్రదేశ్ జాబితాలో సవరలు, కాపు సవరలు, మలియ సవరలు, ఖుట్టో సవరలు అని యున్నది. సరిహద్దు దాటి ఒడిషాకు పోయినచో సావోరా, సవర్, సౌర, సహర అని యున్నది. కోదుల పేర్ల వరుసలో 'కువింగ' యను పేరు తరువాతి కాలమున చేర్చబడినది. 2000లో మహారాష్ట్రకు సంబంధించిన ఒక వ్యాజ్యమునందు సర్వోన్నత న్యాయస్థానము, ఆ జాబితా వ్రాసియున్నట్లే చదువబడవలెననియు, అందు లేని పేరు ఉన్న పేరునకు పర్యాయమని సాక్ష్యము విచారించుటకు వీలులేదనియు తీర్పు చెప్పెను. పార్లమెంటు తప్ప మరియెవ్వరును దానిని మార్చరాదు. చట్టమునకు అట్టి కాఠిన్యము అవసరమై యుండవచ్చును. జాబితా చేతికి వచ్చినట్లు సాగినచో అనర్హులు చొరబడుదురను భయము గలదు. కాని చట్టమునకు తగిన ఆ కాఠిన్యము గ్రంథాలయమునకు తగదు. జాబితాలో లేని పేరు చట్టము గుమ్మము వెలుపల నిలిచిపోవును. గ్రంథాలయమునందు అట్టి పేరు లోనికి త్రోవ కావలెను. అందుచేత ఎన్ని పేర్లు సేకరించిన అంత మేలు.

ఇందుకు ఒక ఆక్షేపణము గలదు. పేర్లు ఎన్నియున్నను శీర్షికగా నిలుచునది యొక్కటే గదా, ఆ యొక్కదానిని ఎన్నుకొను నధికారము ఎవరిదని కొందరు ప్రశ్నింతురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. చిరకాలము ఆ యధికారము దూరమున నున్నవారిదిగానే యుండెను. వారు గెజెటీరులో నున్న పేరును, లేక పొరుగు జాతి పెట్టిన పేరును శీర్షికగా నిలిపిరి. పొరుగువారు పెట్టు పేర్లలో ఎగతాళియు, తక్కువచూపును కలిసియుండుట అపురూపము కాదు. ఒక జాతి తన్ను తాను పిలుచుకొను పేరు తెలిసినప్పుడు దానినే శీర్షికగా నుంచి, తక్కిన వానిని దారిచూపు కార్డులుగా నుంచుట న్యాయమని మా యభిప్రాయము. గిడుగువారు 1931లో అనుసరించిన మార్గమిదియే. కంప్యూటరుల కాలమున ఈ కలహము కొంత తగ్గుటకు వీలు కలిగినది. 2003లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము, జర్మను జాతీయ గ్రంథాలయము మొదలగునవి కలిసి ప్రారంభించిన అంతర్జాతీయ నామ పట్టికలో ఒక్కొక్క వ్యక్తికి ఒక సంఖ్య నిచ్చి, ఒక్కొక్క దేశము వాడు రూపమును ఆ సంఖ్యక్రిందనే చేర్చుచున్నారు. ఒకరి పేరు గెలుచుటకు మరియొకరి పేరు ఓడనక్కరలేదు. ఎవరి లిపిలో వారు అడిగినను ఒకే చోటికి చేరుదురు.

అయితే ఎంత గొప్ప యంత్రమైనను మన మీయని సమాచారమును తానుగా కల్పించుకొనజాలదు. మన పాత తెలుగు పుస్తకములు వేలకొలది ఫొటోలు తీయబడి ఇంటర్నెట్టునందు ఉంచబడినవి. వాని పేర్లు పెక్కు రోమను అక్షరములలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా, దీర్ఘములు లేక, ఇంటిపేర్లు లేక వ్రాయబడుటచేత, ఉన్న పుస్తకమే దొరకకున్నది. ధనము వెచ్చించి బొమ్మ తీసినవారు నాలుగు మాటలు సరిగా వ్రాయుటకు కాలము వెచ్చింపలేదు. పుస్తకము చెదలు పట్టి నశించినను, పేరు తప్పి కనబడకపోయినను పాఠకునకు కలుగు నష్టము సమానమే.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన నాటినుండి మన గ్రామములలో గ్రంథాలయములు నెలకొల్పిన పెద్దలు, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు, పుస్తకమును ఇంటింటికి చేర్చవలెనని పాటుపడిరి. వారి శ్రమను మిగిలిన దారి నడిపించుట మన పని. అది పెద్ద ధనముతో కూడిన పని కాదు. గ్రామ గ్రంథాలయమున పుస్తకమును చిట్టాలో నెక్కించునప్పుడు పొడి అక్షరములతో తృప్తిపడక గ్రంథకర్త పూర్తి పేరు, కలము పేరు, ఊరు వ్రాయవలెను. ముద్రణ సంవత్సరమును, ఎన్నవ ముద్రణమో దానిని విడువరాదు. పంచాయతీ కాగితములపై నాటి జిల్లా పేరును, నేటి జిల్లా పేరును రెండును వ్రాయవలెను. పాఠశాల రిజిస్టరులో గిరిజన బాలుని పేరును ఉపాధ్యాయుడు తనకు పలుక సులభమైన తెలుగు పేరుగా దిద్దక, తల్లిదండ్రులు పలికినట్లే వ్రాయవలెను. పాఠశాలలో నొక పేరు, ఆధార్ కార్డులో నొక పేరు, కుల ధ్రువపత్రములో నొక పేరు ఉన్న పిల్లలు ఉపకార వేతనమునకై కచేరీల చుట్టు తిరుగుట ఏజెన్సీ ఉపాధ్యాయులలో ఎరుగనివారు లేరు. ఆ కష్టములో సగము మొదటి రిజిస్టరు వ్రాసిన కలమునుండి పుట్టినదే.

ఉత్తరాంధ్ర కొండలకు సంబంధించిన జాతులు, భాషలు, గ్రామములు, గ్రంథకర్తలు అను నాలుగు శీర్షికల క్రింద, అన్ని పేర్లను ఆధారములతో చేర్చిన ఒక పట్టికను సిద్ధపరచుట ఈ ప్రాంతపు విద్యావంతులు కొన్ని సంవత్సరములలో నెరవేర్పదగిన కార్యము. సవర యువకులు, జాతాపు యువకులు నేడు చదువుకొని ఉపాధ్యాయులై యున్నారు. ఏ పేరు తమది, ఏ పేరు తమపై మోపబడినది అను సంగతి వారికంటె చెప్పగలవారు లేరు. ఆ పట్టికకు వారే కర్తలై, మైదానపు పండితులు వ్రాతగాండ్రుగా నుండుట యుక్తము. సీతంపేట కొండమీది బాలిక తన ఇంటి భాషలో తన జాతి పేరు పలికి అడిగినప్పుడు, గిడుగువారి నిఘంటువు ఆమె చేతికి రావలెను. మన గ్రంథాలయములు చక్కగా నున్నవో లేవో పరీక్షించుటకు ఈ యొక్క ప్రశ్న చాలును.